మెలకువ సాక్షి

"సాక్షి మెలకువగా ఉన్నారా?"

"ఉన్నాను," అంది లోహిత, అప్పటికే రెండో చేత్తో కడియాల ట్రే బయటికి లాగేస్తూ.

సాక్షి కుర్చీ పక్కనున్న శాఖవారి తెర పెట్టె ఈ ప్రశ్న సభకి ముందు ఒకసారి, సభ అయిపోయాక ఒకసారి అడుగుతుంది. ఏడేళ్ళుగా లోహిత అదే జవాబు చెప్తోంది కాబట్టి ఇప్పుడు దానికి నోరు కూడా పూర్తిగా తెరవక్కర్లేదు. ఆమె మణికట్టు మీదున్న కడియం నాడి చూసుకుని, మెలకువే, అబద్ధం కాదు, నిజమే అన్నట్టు పచ్చగా వెలిగింది. ఇంక పని.

ముందు కొలత. కిట్‌లోంచి కొలత సీసా తీసింది. చిటికెన వేలంత గాజు సీసా, లోపల లోతు అనే నల్లటి ఆకుపచ్చ నాచు రసం, మూత మీద విశ్వాస పరిమితుల శాఖ ముద్ర. నీళ్ళు కలపని లోతు విశాఖ మొత్తమ్మీద ఇప్పుడు శాఖ సీసాల్లో తప్ప ఎక్కడా లేదు. మునిగిన బిల్డింగుల గోడలకి పట్టే ఆ నాచుని శాఖ పడవలు ప్రతి సీజన్‌లోనూ గీకి పారేస్తాయి మరి. డ్రాపర్‌తో, మనిషికి ఎంత లోతెక్కిందో చూసే ఒక్కో కడియం లోపలి బిళ్ళ మీద ఒక్కో చుక్క వేస్తుంది. ఎర్రగా అయితే కడియం బతికున్నట్టు. తుడిచెయ్యి, సున్నాకి తిప్పు, తరవాతది తియ్యి.

"ఆ సుక్కేదో నా నోట్లో ఎయ్యరాదే సాచ్చమ్మా," అంది నూకాలమ్మ, బాల్కనీ గట్టు మీద కాళ్ళు ఊపుకుంటూ. డెబ్భై దాటినా ఆమెకి కాళ్ళు ఊపడం మానాలని తోచలేదు. "కడియానికేటే దాహం?"

"మీకేస్తే నన్ను లోపలేస్తారు, నూకాలమ్మ గారూ."

"ఎయ్యనీ. లోపల పెళ్ళికొడుకులుంటారేమో సూడు. బయటెలాగూ దొరకనేదు నీకు."

గదిలో నవ్వులు. లోహిత కూడా నవ్వింది, కాకపోతే ఆ నవ్వు మొహం దాకా వచ్చి ఆగిపోయింది, నిలకడ సూది వేసుకున్న మొదటి వారంలో ఎప్పుడూ అంతే.

ఈ గది ఒకప్పుడు ఎవరిదో ఫ్లాట్‌లో హాలు. ఐదో అంతస్తు. కింద మూడంతస్తులూ సముద్రంలో ఉన్నాయి, నాలుగోది పోటు సమయంలో సముద్రంలోకి వెళ్ళి పాటుకి బయటికొస్తుంది. పడవలు బాల్కనీ ఊచలకి కట్టేస్తారు. వచ్చే ముప్ఫై మందీ మునకవాళ్ళే. తీరం మునిగినప్పుడు ఇళ్ళూ మనుషులూ పోగా మిగిలిన బెస్తవాళ్ళూ, పోర్టు కూలీలూ, ఒకరిద్దరు టీచర్లూ. వాళ్ళ మతానికి గుడి లేదు, దేవుడి బొమ్మ లేదు. లోతు తాగుతారు, సముద్రంలోకి పోయినవాళ్ళని పేరు పెట్టి పిలుస్తారు, వాళ్ళు పలికితే వింటారు. అంతే, మతం మొత్తం ఇంతే.

ఇంతదానికే కోర్టులో పదకొండేళ్ళు పట్టింది. నమ్మకానికి హద్దు లేదు, మైకానికి ఉంది, అని ఏడేళ్ళ కిందట తీర్పు. ఆ హద్దుకే గీత అని పేరు. పోత యంత్రం ఒక్కో మనిషికీ కడియం చూసి చెంచాడు లోతు ఇస్తుంది, అది కూడా ఎంత పల్చగా అంటే తాగినా గీతకి సగం దూరం కూడా పోరు. అంటే మునకవాళ్ళకి తాగే హక్కుంది, ఎక్కే హక్కు లేదు! ఇంకా తమాషా ఏంటంటే, సభ చివర్లో సాక్షి ఒక్కొక్కర్నీ "మీవాళ్ళు పలికారా?" అని అడగాలి. పలకలేదని వరసగా చెప్పిన గదికి, అక్కడ నిష్ఠ లేదు, అది మతం కాదు, వట్టి తాగుడు అని రాసేసి తాళం వేస్తారు. అందుకని ప్రతి వారం ముప్ఫై మందీ ఉప్పు నీళ్ళలాంటిది తాగి, కళ్ళు మూసుకుని, ఏమీ వినపడక, కళ్ళు తెరిచి "పలికారు" అంటారు. ప్రతి వారం లోహిత దాన్ని నమ్మినట్టు పెట్టె మీద నొక్కుతుంది.

చెవిలో దివాకర్ గొంతు. శాఖలో ఆమె పైఅధికారి, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూనే మాట్లాడతాడు.

"లోహితా, మీ గదిలో ఫ్రెష్ కేసుంది, చూశావా?"

"చూశాను సార్. సముద్ర గేటు డైవరు. ఎర్రయ్య."

"బాడీ దొరకలేదు. బాడీ దొరకనివాళ్ళతోనే మనకి తలనొప్పి. పోయిన నెల మనం మూసేసిన రెండు గదులూ ఇలాంటివే. పెళ్ళాం వస్తోందా?"

లోహిత గది అటు చివర చూసింది. పైడమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. పాతికేళ్ళుంటాయేమో. మొగుడి పని చొక్కా వేసుకుంది, చేతులు రెండు మడతలు మడిచినా ఇంకా వేళ్ళని కప్పేస్తున్నాయి.

"వచ్చింది సార్."

"గీత దాటితే ధ్రువీకరించు, బోటు పంపిస్తాను. బుజ్జగించడాలూ గట్రా పెట్టుకోకు. ఆరు నెలలు శుద్ధి కేంద్రంలో ఉండి కడిగించుకుని వస్తుంది, మామూలైపోతుంది."

కడగడం అంటే లోహితకి తెలుసు. గీత దాటిన గంటల్లో మనిషి ఏం విన్నాడో, ఏం చూశాడో, దాన్ని తలలోంచి తీసేస్తారు. బయటికొచ్చినవాళ్ళు మర్యాదగా ఉంటారు. ఎవరో ఒకరు పోయారని వాళ్ళకి గుర్తుంటుంది, ఆ పోయిన మనిషి గొంతు మాత్రం గుర్తుండదు.

"అయినా ఇంకో నెలే కదా," అన్నాడు దివాకర్. "యంత్రం ఒక్కటే మనిషిని దోషి అనకూడదు, పక్కన మెలకువగా ఒక మనిషి ఉండాలి అన్న తీర్పు కొట్టేశారు. వచ్చే నెల నుంచి అన్ని గదుల్లో మనిషి అక్కర్లేని యంత్ర స్తంభాలే. సాక్షి కుర్చీలు తీసేస్తున్నాం."

"మరి మేం సార్?"

"గోడౌన్‌లో చైతన్య పక్కన చోటుంది," అని తనే నవ్వేసి కట్ చేశాడు.

చైతన్య అంటే శాఖలో అందరికీ నవ్వే. సాక్షి కుర్చీలో జ్వరమొచ్చి నిద్రపోయాడు. పేరు చైతన్య, పెట్టింది గుర్రు. ఆ రోజు ఆ గదిలో ఒకాయన గీత దాటేశాడు, స్క్రీన్ నిండా ఎరుపు, కానీ చివర్లో పెట్టె అడిగితే జవాబు లేదు. మెలకువ సాక్షి లేని సభ చట్టం ప్రకారం సభే కాదు. జరగని సభలో ఎవరూ తాగలేదు, ఎవరూ గీత దాటలేదు. ఆ దాటినాయన లేచి, లుంగీ దులుపుకుని ఇంటికెళ్ళిపోయాడు! అప్పట్నుంచే సాక్షులందరికీ నెలనెలా నిలకడ సూది. అది పడితే కుర్చీలో నిద్ర రాదు, గుండె వేగం మారదు, చెయ్యి వణకదు. రెండేళ్ళ కిందట ఉప్పెనకి వాళ్ళమ్మ ఇల్లు మునిగి అమ్మ దొరకనప్పుడు లోహిత సూది వేసుకుని మూడు రోజులే అయింది. మర్నాడు కుర్చీలో కూర్చుంది. కడియం పచ్చగానే ఉంది. అందరూ మెచ్చుకున్నారు.

"పోటొచ్చీసినాది," అన్నాడు అప్పలకొండ. సభలో పోత మొదలుపెట్టే పెద్ద ఆయనే. పొడుగు మనిషి, పూర్వం పోర్టులో క్రేన్ నడిపేవాడు, ఇప్పటికీ ఏం చెప్పినా పై నుంచి కిందికి చూసి చెప్తాడు. బాల్కనీ అడుగుని నీళ్ళు తాకాయి. అందరూ నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. లోహిత వలయం బయట, గోడ పక్కన, శాఖవారి కుర్చీలో.

యంత్రం దగ్గరికి ఒక్కొక్కరే వెళ్ళి కడియం చూపించి చిన్న స్టీలు గిన్నెలో చెంచాడు పోయించుకుని వచ్చారు. వీళ్ళ పద్ధతి ఒకటుంది. ఎవరూ తమకి తాము పోసుకోరు. నీ గిన్నెలోది ఎడం పక్క మనిషి గిన్నెలో పొయ్యాలి, కుడి పక్క మనిషి నీకు పోసింది నువ్వు తాగాలి. ముప్ఫై గిన్నెలు, ముప్ఫై వంపులు, ఒక్కోసారి ఒలికిపోతుంది కూడా. శాఖవాళ్ళు మొదట్లో దీని గురించి కంగారు పడ్డారు కానీ, ఎవరిది ఎవరు తాగినా చెంచాడే కదా అని వదిలేశారు.

పిలుపులు మొదలయ్యాయి. "ఓ సన్నాసీ." "ఓ లచ్చమ్మా." "ఓ నాన్నా." గొంతులు పెద్దగా ఉండవు, పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టుంటాయి. వంపులు ఎడమకి కదులుతున్నాయి. లోహిత స్క్రీన్ చూసుకుంటోంది. మామూలుగా ఈపాటికి అంకెలు ఒక్కొక్కటే కొద్దికొద్దిగా లేస్తాయి.

అప్పలకొండ సున్నా. ఆయన పక్కనామె సున్నా. ఆ పక్కతను సున్నా.

కడియాలు చెడిపోయాయా? ఇందాకే కదా కొలిచింది. తలెత్తి చూసింది. అప్పలకొండ పక్కనామె గిన్నె పైకెత్తి, పెదవి తడుపుకుని, తాగకుండా దాంట్లోనే తనదీ కలిపి ఎడమ పక్కకి వంపింది. ఆ పక్కతను కూడా అంతే. ఆ తరవాతామె కూడా. గిన్నెలో లోతు పెరుగుతూ పోతోంది. రెండు చెంచాలు, నాలుగు, ఎనిమిది. ఇంకో చిన్న గిన్నె సరిపోదని టీచరుగారు బ్యాగులోంచి గ్లాసు తీశారు. అంటే ముందే అనుకున్నారు! వలయం ఈ చివర నూకాలమ్మ, ఆమెకి ఎడమ పక్క, అందరికంటే ఆఖర్న, పొడుగు చేతుల చొక్కాలో పైడమ్మ.

"అప్పలకొండ గారూ," అంది లోహిత. ఆమె గొంతు ఎప్పట్లాగే ఉంది. "ఏం చేస్తున్నారు?"

"పోస్తన్నామమ్మా."

"ఒకరి వంతు ఇంకొకరు తాగకూడదు."

"మేం తాగడం నేదు కదా. మా వంతు మేం వొదులుకుంటన్నాం. వొదులుకోకూడదని సట్టంలో ఉన్నాదేటి?"

లేదు. ఎవరైనా తన మతాన్ని తను వదులుకోవడానికి శాఖ ఏనాడూ అడ్డు చెప్పలేదు.

"గీత దాటుతుంది."

"దాటనీ. ఏడేళ్ళు నీళ్ళు తాగి అబద్ధాలు సెప్పినాం నీకు. నువ్వూ ఇన్నావు, పాపం. వొచ్చే నెల్లో సెట్టంత స్తంభం ఒకటి తెచ్చి పెడతారంట. దానికి అబద్ధాలు సెప్పడం మాకు సేత కాదు. మాకెలాగూ అయిపోనాది. ఈ గుంట ఒక్కర్తైనా ఇననీ."

"వింటుంది. తరవాత బోటొస్తుంది. కడిగేస్తారు. ఏం విన్నదో దాన్నే తీసేస్తారు, అప్పలకొండ గారూ, ఇంకేం మిగులుతుంది?"

గ్లాసు నూకాలమ్మ చేతికొచ్చింది. ఆవిడ దాన్ని పైడమ్మ వైపు వంపబోయి ఆగింది, లోహిత అన్నది నిజమేనా అన్నట్టు పైడమ్మ మొహంలోకి చూసింది.

పైడమ్మ చొక్కా చేతులు పైకి లాక్కుంది. "సాయంత్రానికి కడుగుతారా, రేపా?"

"రేపు," అంది లోహిత.

"అయితే రాత్రంతా ఉంటాది," అని గ్లాసు కింద దోసిలి పట్టింది.

తాగింది. మొహం వికారంగా పెట్టి, చేత్తో నోరు తుడుచుకుంది. పుల్లటి పచ్చి వాసన గదిలో తేలింది. కాసేపు ఏమీ లేదు. నాలుగో అంతస్తు మెట్ల మీద నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు. స్క్రీన్ మీద పైడమ్మ అంకె లేవడం మొదలైంది, మెల్లగా, తరవాత ఒక్కసారిగా. గీత దగ్గర కొంచెంసేపు నిలబడి, దాటేసింది. తెర ఎరుపు.

ధ్రువీకరించండి, అని పెట్టె.

లోహిత నొక్కలేదు. నొక్కకపోయినా పెద్ద తేడా లేదు. చివర్లో ఆమె మెలకువగా ఉన్నాననగానే ఆమె కళ్ళముందు జరిగినదంతా ఆమె ధ్రువీకరించినట్టే.

"ఎర్రా," అంది పైడమ్మ. వాళ్ళలో చిన్న మాటే అడగాలని నియమం. ఎందుకెళ్ళావు, ఎలా బతకను లాంటివి అడగకూడదు, పెద్దవాటికి పోయినవాళ్ళు పలకరు. "ఎర్రా, వల సూది ఎక్కడెట్టినావు?"

ఆమె తల పక్కకి వాల్చింది. గదిలో ఇరవై తొమ్మిది మందీ ముందుకి వంగారు. పోయినవాళ్ళు నిజంగా ఒకళ్ళకి పలకడం వీళ్ళు చూసి ఏడేళ్ళయింది. అది ఎలా ఉంటుందో మర్చిపోయారు.

"కిటికీ మీదా?" అంది పైడమ్మ. "ఏ కిటికీ? అక్కడ సూసినాను నాను... నీ మొకం. పెద్ద సూసినావు నువ్వు... ఆఁ. ఆఁ. డబ్బా ఎనక? మరి ఆ ముక్క సెప్పి ఎల్లొచ్చు కదా, ఇల్లంతా తిరగేసినాను!" అని కోపంగా నేల మీద ఒకటి చరిచి, ఫక్కున నవ్వేసింది. నవ్వుతూనే ఏదో వింటోంది. మధ్యలో "ఊఁ" కొడుతోంది. పెళ్ళాం మొగుడితో ఫోన్లో మాట్లాడుతున్నట్టే ఉంది అచ్చం. అప్పలకొండ అంత మనిషీ మోకాళ్ళలో తల పెట్టేసుకున్నాడు.

లోహిత తన కడియం చూసుకుంది. పచ్చగా ఉంది. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకోవాలో అన్నిసార్లే కొట్టుకుంటోంది. ఇంత చూసినా! కడియాన్ని చూస్తుంటే ఆమెకి అసహ్యం వెయ్యాలి, అది వేస్తోందని తెలుస్తోంది, కానీ ఎక్కడో పక్కింట్లో టీవీ మోగుతున్నట్టుంది. రేపు పొద్దున్న ఎవరో ఒక టెక్నీషియన్, తనలాగే పచ్చ కడియం పెట్టుకుని, ఆ డబ్బా, ఆ కిటికీ, ఆ "ఊఁ", అన్నీ ఒక్కొక్కటే ఏరి తీసేస్తాడు. తరవాత పైడమ్మ మర్యాదగా ఉంటుంది. కిటికీ మీద డబ్బా వెనక సూది అలాగే ఉండిపోతుంది.

చైతన్య గుర్తొచ్చాడు. జరగని సభలో ఎవరూ గీత దాటలేదు.

నిద్ర రాదు, ఒంట్లో నిలకడ సూది ఉంది. అబద్ధం చెల్లదు, కడియం ఉంది. కానీ గీత దాటిన మనిషిది మెలకువ కాదు. కిట్ మూత తెరిచే ఉంది. కొలత సీసాలో మిగిలిన ముప్పావు భాగం శాఖకి అప్పజెప్పాలి.

లోహిత సీసా తీసుకుని కుర్చీ దిగింది. ఏడేళ్ళలో ఎప్పుడూ సభ మధ్యలో దిగలేదు, అందుకేనేమో అందరూ ఒక్కసారి ఆమె వైపు తిరిగారు. మూత తిప్పి సీసా పెదవుల దాకా తెచ్చింది.

నూకాలమ్మ టక్కున ఆమె మణికట్టు పట్టేసుకుంది. "నీకు నువ్వే పోసుకుంటావేటే? మడిసి కాదేటి నువ్వు? కూకో."

లోహిత కూర్చుంది, వలయంలో, పైడమ్మకీ నూకాలమ్మకీ మధ్య. నేల తడిగా ఉంది. నూకాలమ్మ సీసా లాక్కుంది. నీళ్ళు కలపని లోతు. ఏడేళ్ళుగా ప్రతి వారం ఆవిడ ఈ సీసా మీద జోకులేస్తోంది. ఇప్పుడు అది చేతిలో ఉంది, ఆవిడ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది, కళ్ళు మూసుకుంది, ఎంతసేపంటే ఇంక ఆవిడే తాగేస్తుందేమో అనుకుంది లోహిత. తాగేసినా ఎవరూ తప్పనరు. ఆవిడకి ముగ్గురు కొడుకులు ఆ నీళ్ళలో.

"తియ్య వాసనొస్తాది," అని, ఒక్క చుక్క మిగల్చకుండా అంతా లోహిత దోసిట్లో పోసింది. "సిన్న మాట అడుగు, ఇన్నావా? అంత సదువుకున్నావు, పెద్ద మాట అడిగీసి పాడు సేసుకోకు."

చేదు. తరవాత ఉప్పు. తరవాత నాలుక లేనట్టు.

ఏం అడగాలో లోహిత ఎప్పుడూ అనుకోలేదు, అయినా అడగాల్సింది సిద్ధంగా ఉంది. మర్రిపాలెంలో వాళ్ళింట్లో మెట్ల కింద ఒక స్విచ్చి ఉండేది. అది నొక్కితే ఏదీ వెలిగేది కాదు, ఏదీ ఆరేది కాదు. చిన్నప్పుడు వందసార్లు అడిగింది, అమ్మా అది దేనిదే అని. అమ్మ పనిలో ఉండి, తరవాత చెప్తాలే అనేది. ఆ ఇల్లు ఇప్పుడు నలభై అడుగుల నీళ్ళ కింద.

"అమ్మా," అంది. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినపడింది, కొంచెం వణికింది. "మెట్ల కింద స్విచ్చి దేనిది?"

నీళ్ళు. బిల్డింగు అడుగు నుంచి నీళ్ళ మోత, మెట్లెక్కి వస్తున్నట్టు. అమ్మ పలకలేదు. సూది ఇంకా ఒంట్లో ఉంది కాబట్టేమో, తను వాళ్ళ మతం కాదు కాబట్టేమో, లేక అమ్మ నిజంగానే ఎక్కడా లేదేమో. ఆమె చెవులు రిక్కించి వింది. ఇంకా వింది. నీళ్ళ కింద, చాలా కింద, ఒక చిన్న చప్పుడు.

టక్.

కాసేపాగి, మళ్ళీ. టక్. ఎవరో స్విచ్చి నొక్కుతున్నారు. వేస్తున్నారు, తీస్తున్నారు. మాట లేదు.

లోహిత ఏడుస్తోందని పక్కనున్నవాళ్ళు చూశారు. ఆమెకి తెలియలేదు.

"ఏటే, పలికిందా?" అని నూకాలమ్మ.

"లేదు," అంది లోహిత. ఆ గదిలో ఆ మాట ఏడేళ్ళలో ఎవరూ అనలేదు.

పోటు తగ్గడం మొదలైంది. సభ సమయం అయిపోయింది.

"సాక్షి మెలకువగా ఉన్నారా?"

స్క్రీన్ మీద పైడమ్మ ఎరుపు వెలుగుతూనే ఉంది.

"లేను," అంది లోహిత.

కడియం నాడి చూసుకుంది. మెలకువ లేదని ఎర్రబడింది. అబద్ధం కాదు, నిజమే. తెర ఒక్క క్షణం నల్లగా అయి మళ్ళీ వచ్చింది. సభ జరగలేదు. హాజరైనవారు లేరు. పోసినది లేదు. పైడమ్మ పేరు పక్కన ఎరుపు లేదు, అసలు పైడమ్మ పేరే లేదు.

"లెగు," అన్నాడు అప్పలకొండ పైడమ్మ రెక్క పట్టుకుని. ఆమె ఇంకా "ఊఁ" కొడుతోంది. "లెగు బంగారం. పడవెక్కు. ఇంటికెల్లి సూది తీసుకో. టీచరమ్మా, కూడా ఎల్లండి, పిల్ల నీళ్ళల్లో పడిపోగల్దు."

పడవ ఊచ వదిలిన చప్పుడు. అదే సమయానికి లోహిత చెవిలో దివాకర్, ఈసారి నోట్లో ఏమీ నమలకుండా.

"లోహితా! ఏం చేశావు నువ్వు? తెర చూడు, ఒకసారి తెర చూడు."

చూసింది. ఊరిపటంలో గదులన్నీ చిన్న చిన్న పచ్చ చుక్కలు. సూది వేసుకున్న సాక్షి మెలకువగా లేనని చెప్పడం, అది నిజమవడం, ఇంతకుముందు జరగలేదు. ఆ సూది నమ్మదగింది కాకపోతే, ఈ నెల ఆ మందే వేసుకున్న సాక్షులెవరూ నమ్మదగినవాళ్ళు కాదు. ఒక చుక్క బూడిద రంగైంది. పక్కది కూడా. అటు భీమిలి వైపు వరసగా నాలుగు. జరగలేదు, జరగలేదు, జరగలేదు.

"స్తంభాలు ఇంకా రాలేదే, నెల దాకా రావు," అన్నాడు దివాకర్. ఆయన గొంతులో ఇంత భయం ఆమె ఎప్పుడూ వినలేదు. "పెట్టె నిన్ను ఇంకోసారి అడుగుతుంది. ఉన్నానను చాలు. కడియం పాడైందని నేను చూసుకుంటాను, నిన్ను కడగనివ్వను. ఆ అమ్మాయిని ఇచ్చెయ్, అంతే. ఉన్నానను."

ఉన్నానంటే గోడౌన్‌లో కుర్చీ. లేనంటే రేపు పొద్దున్న, తెల్ల గది, ఎవరో టెక్నీషియన్. ఈ మధ్యాహ్నం తీసేస్తాడు, నూకాలమ్మ చెయ్యి తీసేస్తాడు, నీళ్ళ కింద చప్పుడు తీసేస్తాడు. అమ్మ పోయిందని మటుకు ఉంచుతాడు. వచ్చే నెల ఎలాగూ స్తంభాలొస్తాయి. వాటికి దోసిళ్ళుండవు. పైడమ్మకి మాత్రం ఎర్రయ్య గొంతు ఉంటుంది, ఎవరూ అడగని చోట, ఎప్పటికీ కాకపోయినా, ఉన్నన్నాళ్ళు.

దూరంగా శాఖ బోటు హారన్ మోగింది.

"వొచ్చేత్తన్నారే," అంది నూకాలమ్మ. లేచి పోలేదు. లోహిత చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, తడి వేళ్ళు ఒక్కొక్కటే కొంగుతో తుడుస్తోంది.

"సాక్షి మెలకువగా ఉన్నారా?"

"ష్," అంది లోహిత. నీళ్ళ అడుగున ఎవరో మళ్ళీ నొక్కారు. ఆమె లెక్కపెట్టడం లేదు, వింటోంది. "లేనని చెప్పాను కదా. కాసేపు మాట్లాడకు."

పెట్టెకి ఆ జవాబు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అది మాట్లాడటం ఆపేసింది.